పన్నెండు దాటాక రమ్మన్న అవ్వ

ఇప్పుడు నాకు కోపం రావడం అంత తేలిక కాదు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటాను, డాక్టరు చెప్పినట్టు నాలుగు అడుగులు నడుస్తాను, పక్కింటి వాళ్ళు మా గేటుకు అడ్డంగా కారు పెట్టినా చూసీ చూడనట్టు పోతాను. చిత్తూరు కోర్టులో కొత్తగా నల్లకోటు తొడిగిన ఆ రోజుల్లో మాత్రం నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. పొద్దున బస్సులో కండక్టరు మీద మొదలై సాయంకాలం ఇంట్లో చారు మీద ముగిసేది. "ప్లీడరు చదువు చదివిస్తే పటాకుల డబ్బా అయి కూసుండాది" అనేవాడు మా నాయన. ఆయన మీద కూడా కోపం వచ్చేది. ఆ కోపాల్లో సగం న్యాయమైనవేనని ఇప్పటికీ చెప్తాను. మిగతా సగంలో ఒకటి తలుచుకుంటే మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సిగ్గేస్తుంది.

డెబ్బైల చివర మాట. మా కోర్టు ఆవరణలో నల్లకోటు వేసుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. కోర్టులో ఆడది కనబడిందంటే ఆమె కక్షిదారు అయినా అయి ఉండాలి, టైపు కొట్టే అమ్మాయి అయినా అయి ఉండాలి, ప్లీడరుగారికి క్యారియర్ తెచ్చిన ఇల్లాలైనా అయి ఉండాలి అని లోకం ముందే తీర్మానించుకుంది. బెంచి క్లర్కు నన్ను మూడుసార్లు కక్షిదారుల బల్ల మీద కూర్చోమన్నాడు. (నాలుగోసారి నేను ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.) మా సీనియర్ దగ్గర చేరిన మొదటి వారంలోనే నాకు న్యాయశాస్త్రంలోని ఒక ముక్క బాగా వంటబట్టింది. దాన్ని రిబటబుల్ ప్రిజంప్షన్ అంటారు, మన మాటల్లో చెప్పాలంటే ఖండించదగ్గ ఊహ. మా సీనియర్ దాన్ని ఇలా విడమరచి చెప్పాడు: "కోర్టు ఒక సంగతిని రుజువు లేకుండానే నిజమని అనుకుంటాదమ్మాయ్. కాదని నువ్వు చూపిస్తే మానుకుంటాది. చూపించేదాకా అదే నిజం. చూపించే బరువంతా నీ నెత్తిన." నాకు వెంటనే అర్థమైంది. నా బతుకే అది కదా! నేను ప్లీడర్ని కాదని అందరూ అనుకుంటారు, అవునని రోజూ పొద్దున్నే లేచి రుజువు చేసుకోవాల్సింది నేను. ఆ మాట సీనియర్‌తో అంటే ఆయన నవ్వి, "నీకు పెళ్ళయ్యేదాకా లేమ్మా" అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి చారు గిన్నె నేలకేసి కొట్టాను.

మా ఆఫీసులో నాకు పడని మనిషి ఇంకొకడుండేవాడు, మా పంచాంగం గుమాస్తా. రాహుకాలంలో కొత్త దావా కాగితం ముట్టుకోడు, వకాల్తా మీద సంతకం పెట్టించడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఆయన కలానికి మూత తీసేవాడు కాదు. కోర్టు పనివేళల్లో గంటన్నర ఆకాశంలో కనబడని గ్రహానికి అప్పజెప్పడం ఏమిటని నేను రంకెలు వేసేదాన్ని. "నువ్వు అరిస్తే రాహువు పారిపోతాడా అమ్మా?" అని ఆయన తాంబూలం నములుతూ అడిగేవాడు. అంత నింపాదిగా అడిగితే కోపం ఇంకా ఎక్కువయ్యేది.

అట్లాంటి రోజుల్లో ఒక అవ్వ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఎగువ వీధిలో బొరుగుల అంగడి ఆమెది, మరమరాలను మా వైపు బొరుగులనే అంటాం. ముందు గదిలో అమ్మకం, వెనక వసారాలో పొయ్యి, పొయ్యి మీద ఇసక మూకుడు, ఆ మూకుడులో ముప్పై ఏళ్ళుగా బొరుగులు వేయిస్తూ అద్దెకుంటున్న ఇల్లది. చిత్తూరులో బొరుగులవ్వ అంటే తెలియని వాళ్ళు లేరు. చేతిలో ఒక కాగితం ఉంది. బల్ల ముందు కూర్చున్న నన్ను చూసి, "ప్లీడరయ్య యాడికి పొయినాడు పాపా?" అని అడిగింది. నేనూ ప్లీడర్నే అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సరేలే, ఆయన వచ్చేదాకా కూసుంటా" అంది. ఇంక చెప్పేదేముంది, మొదటి నిమిషంలోనే ఆమె మీద నాకు కోపం వచ్చేసింది.

ఆమె చేతిలో ఉన్నది, తీర్పులు అమలుచేసే కోర్టు అమీనా ఇచ్చిపోయిన కాగితం. ఇల్లు ఖాళీ చెయ్యాలని తీర్పు. ఆ స్థలంలో లాడ్జి కట్టాలని ఇంటి యజమాని కేసు వేశాడు. కేసు సంగతి అవ్వకు తెలియనే తెలియదు. ఆమె రాలేదు కాబట్టి ఆమె లేకుండానే మునసబు కోర్టు తీర్పు చెప్పేసింది. తెలియకపోవడం ఏమిటని రికార్డు తీయించి చూస్తే, కోర్టు సమన్లు రిజిస్టర్ పోస్టులో పంపినట్టు ఉంది. కవరు తిరిగొచ్చింది. దాని మీద పోస్టుమాన్ రాత: "తీసుకోవడానికి నిరాకరించారు." అంతే, చట్టానికి అది చాలు. కవరు మీద ఆ ముక్క ఉంటే సమన్లు అందినట్టే కోర్టు ఊహిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి రాశాడంటే సరిగానే రాసి ఉంటాడని ఇంకో ఊహ. ఈ రెండు ఊహల మధ్య మా అవ్వ, ఆమె పొయ్యి, ఆమె మూకుడు. ఖండించకపోతే నెల తిరక్కుండా అన్నీ వీధిలో ఉంటాయి.

మా సీనియర్‌కు ఇది ఎడంచేత్తో చేసే పని. "ఏముండాదవ్వా, పోస్టుమాన్ నీ ఇంటికే రాలేదని ప్రమాణం చేసి చెప్పు. చాలు, మిగిలింది నేను చూసుకుంటా" అన్నాడు. అవ్వ ఆశ్చర్యపోయి చూసింది.

"వచ్చినాడు కదా సామీ. వచ్చినాయప్పను రాలేదని ఎట్ల సెప్పేది?"

"వచ్చి ఏం చేసినాడు?"

"కాగితం వచ్చిండాది, ఏలుముద్ర ఎయ్యి అన్నాడు. శుక్రారం, పదకొండు గంటలు. రాహుకాలం గదప్పా, పన్నెండు దాటినాక ఎత్తుకోని రా అన్నా. మళ్ళా రాలేదు."

సీనియర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పంచాంగం గుమాస్తా మాత్రం మెచ్చుకోలుగా తలాడించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు వీధిలోకి వినబడుతుందని కూడా చూసుకోలేదు. "నీ రాహుకాలం నీ కొంప ముంచింది కదవ్వా! కోర్టు కాగితం వస్తే తీసుకోకుండా గ్రహాలు లెక్కపెడతావా? నువ్వు వద్దన్నట్టే అయింది. ఇంక రాహువునే పిలిచి నీ పక్కన సాక్ష్యం చెప్పించుకో!" అన్నాను. ఆ వయసులో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు. అవ్వ వెర్రిబాగుల మనిషని, కాస్త ముందే భయపడి కాగితం తప్పించుకుందేమోనని కూడా నేను నిమిషంలో తేల్చేశాను. తీర్పు చెప్పడంలో నాకూ మునసబు గారికీ తేడా లేకుండా పోయింది.

అవ్వ నా మీద కోపపడలేదు. నిదానంగా కొంగు ముడి విప్పి, నలిగిన ఇంకో కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆమె మనవరాలు వేలూరులో నర్సు ట్రైనింగుకు పెట్టుకున్న అర్జీ నకలు. తల్లీతండ్రీ లేని పిల్లను అవ్వే సాకింది. సీటు వస్తే రిజిస్టర్ పోస్టులో తెలుస్తుందని ఎవరో చెప్పారట. "నాకు రిజిస్టరు కాగితం ఇంకెవురు ఏస్తారు పాపా? సీటు వచ్చిండాదనే అనుకున్నా. మంచి కాగితం గదా, మంచి టైములో తీసుకోవాలని రమ్మన్నా. పన్నెండు కొట్టినాక తలకు పోసుకోని, ఉతికిన కోక కట్టుకోని వాకిట్లో కూసున్నా. పొయ్యి గుడక ముట్టించలా ఆ పొద్దు. మూడు దాకా సూసినా, ఆయప్ప రాలేదు. సీటు లేదేమోలే అని లేసి పొయినా."

నా మీద నాకు వచ్చినంత కోపం అంతకుముందు కండక్టరు మీద కూడా రాలేదు. లోకం నా గురించి ముందే అనుకుంటుందని ఏడ్చే మనిషిని, ఆ మెట్లెక్కి వచ్చిన ముసలామె గురించి నేను చేసిందేమిటి? (ఈ ప్రశ్న అప్పుడు ఇంత శుభ్రంగా రాలేదు. అప్పుడు చెవులు మండాయి, అంతే.) సీనియర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అబద్ధం చెప్పదు, నిజం చెప్తే ఓడిపోతాం. ఈ కేసు నా పేరు మీద ఓడిపోలేను. నువ్వు వాదించుకో అమ్మాయ్" అని కట్ట నా వైపు నెట్టాడు. నా మొదటి సొంత కేసు అట్లా వచ్చింది. ఓడిపోయే కేసు కాబట్టి ఇచ్చాడని తెలిసి కూడా రెండు చేతులతో అందుకున్నాను.

విచారణ ఎప్పుడు పడిందంటే, శుక్రవారమే పడింది. తెల్లవారుజాము నుంచి అద్దం ముందు నిలబడి వాదన వల్లించుకుని, ఉప్మా తినకుండా, పది గంటలకే కోర్టులో ఉన్నాను. అవ్వ తలకు పోసుకుని, అదే ఉతికిన కోక కట్టుకుని వచ్చింది. ఎదుటి పక్షాన చిత్తూరంతా భయపడే ప్లీడరు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత గంధం బొట్టు. పదకొండుకు మా కేసు పిలిచారు. నేను లేచి నోరు తెరిచేలోగా గంధం బొట్టు ప్లీడరు లేచి వంగి, "యువరానర్, దయచేసి ఈ కేసు పన్నెండు దాటినాక తీసుకోవాలని మనవి" అన్నాడు. కారణం చెప్పలేదు. మునసబు గారూ అడగలేదు. గోడ గడియారం వైపు చూసి సరే అన్నారు. నాకు తల తిరిగిపోయింది. పొద్దుటి నుంచి ఆకలితో నూరుకున్న కత్తి కదా! నా వెనక నిలబడ్డ పంచాంగం గుమాస్తా నా చెవిలో, "శుక్రారం కదమ్మా. ఆయప్ప కూడా ఆ టైములో నోరు తెరవడు" అన్నాడు. ఆ గంటసేపు బల్ల మీద కూర్చుని పళ్ళు కొరుకుతూ ఉన్నాను.

పన్నెండుంపావుకు మళ్ళీ పిలిచారు. ఎదుటి పక్షం పోస్టుమాన్‌ను బోనెక్కించింది. కవరు చూపించి, ఆ రాత నీదేనా అంటే నాదే అన్నాడు. ఆ ఇంటికి పోయినావా అంటే పోయినా అన్నాడు. వాళ్ళ పని అయిపోయింది, గంధం బొట్టు ప్లీడరు దర్జాగా కూర్చున్నాడు. నేను లేచాను. ఆ పోస్టుమాన్ మీద వారం రోజులుగా నాలో కాగుతున్నదంతా గొంతు దాకా వచ్చింది. అయితే అతను నన్ను చూసి చేతులు కట్టుకుని, "అడగండి మేడం" అన్నాడు. ఆ కోర్టులో నన్ను మేడం అన్న మొదటి మనిషి. సగం కోపం అక్కడే దిగిపోయింది.

"ఉత్తరం తీసుకోనని అవ్వ చెప్పిందా?"

"అట్లేమీ సెప్పలేదు మేడం."

"మరి ఏం చెప్పింది?"

"ఇప్పుడు రాహుకాలం, పన్నెండు దాటినాక ఎత్తుకోని రా అప్పా, మా పాప సీటు కాగితం అన్నింది."

"మీరు మళ్ళీ వెళ్ళారా?"

"లేదు మేడం. ఆ వీధి ఎగువ. ఒకసారి సైకిలు తొక్కేటప్పటికే పానం పోతాది, ఇంగ రెండోసారి ఆ ఎండలో యాడ తొక్కేది?"

"అట్లాంటప్పుడు నిరాకరించారు అని ఎందుకు రాశారు?"

అతను కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "కవరు మీద మాకు చోటు రవ్వంతే ఉంటాది మేడం. ఈ రాహుకాలం కతంతా యాడ రాసేది?"

కోర్టు హాలంతా నవ్వింది. మునసబు గారు నవ్వలేదు గాని, కలం నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ళ పొయ్యి, కవరు మూలన చోటు లేక ఆరిపోవడానికి వచ్చిందంటే నవ్వెట్లా వస్తుంది? అప్పుడు గంధం బొట్టు ప్లీడరు లేచి వాదన ఎత్తుకున్నాడు. మంచి గొంతు ఆయనది, మేఘం ఉరిమినట్టే. చట్టానికి రాహుకాలం లేదన్నాడు. ఇవాళ రాహుకాలం అంటారు, రేపు అష్టమి అంటారు, ఎల్లుండి బల్లి పలికింది అంటారు, ప్రభుత్వ సేవకుడు వీళ్ళ పంచాంగం చూసుకుని తిరగాలా అన్నాడు. పన్నెండు దాటాక రమ్మన్నదంటే ఇప్పుడు తీసుకోను అన్నట్టే, తీసుకోను అంటే నిరాకరించినట్టే, ఊహ చెక్కు చెదరలేదు అన్నాడు. ఇవే మాటలు పది రోజుల క్రితం నా నోట్లోంచి వచ్చాయి. ఆయన నోట వింటుంటే ఎంత దుర్మార్గంగా ఉన్నాయో!

అద్దం ముందు వల్లించుకున్నదంతా అప్పుడు నా తలలోంచి ఎగిరిపోయింది. సెక్షన్లు గుర్తు రాలేదు, పాత తీర్పులు గుర్తు రాలేదు. లేచి నిలబడి, వేలు చూపించకూడదని తెలిసి కూడా ఆయన వైపు వేలు చూపించి, అరిచేశాను. "అయ్యా, పదకొండు గంటలకు ఈ కోర్టు నా మిత్రుణ్ణి పిలిచింది. ఆయన పన్నెండు దాటాక తీసుకోండి అన్నారు. కోర్టు సరే అంది. ఆయన కోర్టును నిరాకరించినట్టా? ఆయన పేరు ఎదురుగా కూడా అదే ముక్క రాసి కేసు కొట్టేస్తారా? ఆయన పన్నెండు దాటాక వచ్చి వాదిస్తున్నారు. మా అవ్వ పన్నెండు దాటాక తలకు పోసుకుని వాకిట్లో మూడు దాకా కూర్చుంది. రానిది పోస్టుమానే. పెద్ద ప్లీడరుకు ఒక రాహుకాలం, బొరుగులవ్వకు ఒక రాహుకాలం ఉంటాయా?"

గంధం బొట్టు ప్లీడరు తన కాగితాలు సర్దుకున్నాడు. మునసబు గారు ఆయన్ని చూసి, గడియారాన్ని చూసి, నెమ్మదిగా, "ఆ మనవి ఒప్పుకున్నది నేనే కదా. నిరాకరణగా అనిపించలేదు మరి" అన్నారు. తర్వాత రాయడం మొదలుపెట్టారు. మళ్ళీ రమ్మనడం వద్దనడం కాదనీ, ఊహ ఖండించబడిందనీ, తీర్పు రద్దు చేసి కేసు మొదటి నుంచి వినాలనీ రాశారు. అవ్వకు అదేమీ అర్థం కాలేదు. "పొయ్యి ఉంటాదా పోతాదా, అది సెప్పు" అని నా కోటు చెంగు పట్టుకుని అడిగింది. ఉంటుందవ్వా అన్నాను. కోర్టు హాలని చూడకుండా ఏడ్చేశాను. అవ్వ ఏడవలేదు. "ఇదేందమ్మా, గెలిసి ఏడస్తాండావు? నువ్వు ప్లీడరమ్మవేనా?" అంది. పది రోజుల తర్వాత ఆ మాట ఆమె నోట వినడం నాకు ఇంకో తీర్పు విన్నట్టయింది.

కేసు మళ్ళీ మొదలై ఏళ్ళ తరబడి సాగింది. యజమానికి ఓపిక అయిపోయి లాడ్జి వేరే వీధిలో కట్టుకున్నాడు. మా సీనియర్ ఆ సాయంకాలం, "నీ కోపం ఈ పొద్దు ఒక పనికొచ్చిందమ్మాయ్" అన్నాడు. మర్నాడు మామూలుగా కక్షిదారుల ముందు నన్ను కాఫీ చెప్పి రమ్మన్నాడు, నేను మామూలుగా బుసకొట్టాను. మనవరాలి సీటు కాగితం ఆ తర్వాత నెలకు వచ్చింది. అదీ మంగళవారం మూడున్నరకు, నట్టనడి రాహుకాలంలో. అదే పోస్టుమాన్. అవ్వ పొయ్యి దగ్గర నుంచి ఇసక చేతులతోనే పరుగెత్తి వచ్చి, కవరు లాక్కుని, అడక్కముందే వేలిముద్ర వేసేసిందట. "రాహుకాలం కదవ్వా?" అని నేను ఏడిపించాను. "ఉంటే ఉండనీలే. రాహువు కోర్టుకు పోతాడా? నేను గదా పోవాల" అంది.

ఆ మనవరాలు నర్సుగా నలభై ఏళ్ళ దాకా పనిచేసి, మొన్న మొన్ననే రిటైరై వేలూరులోనే ఉంటోంది. అవ్వ పోయాక కూడా ఏడాదికోసారి బొరుగుల ఉండలు తన చేత్తో చేసి నాకు పంపుతుంది. నేనిప్పుడు తిరుపతిలో అలిపిరి రోడ్డు పక్క సందులో ఉంటున్నాను. ఈ ఏడు ఆ పార్సిల్ వచ్చింది. శుక్రవారం, పదకొండు గంటలు. గేటు దగ్గర కొరియర్ మనిషి, చేతిలో డబ్బా, దాని మీద ఆమె గుండ్రటి అక్షరాలు. నాకు రాహుకాలం మీద అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. అయినా చెయ్యి చాచలేకపోయాను. మంచి డబ్బా కదా, అనిపించింది. "పన్నెండు దాటాక రా నాయనా" అన్నాను. అతను నన్ను ఒకసారి చూసి, ఫోనులో ఏదో నొక్కి, బండెక్కి వెళ్ళిపోయాడు. నేను స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వరండాలో కూర్చున్నాను. రెండయింది. ఫోను టింగుమంది. చూస్తే, పార్సిల్ తీసుకోవడానికి నిరాకరించారు, పంపినవారికి తిప్పి పంపుతున్నాం అని ఉంది.

ఆ పాత రోజులైతే ఆ బండి వెనక అలిపిరి దాకా పరుగెత్తి, పట్టుకుని, సెక్షన్లు చదివి వినిపించేదాన్ని. లేచాను కూడా. మోకాలు కలుక్కుమంది, మళ్ళీ కూర్చున్నాను. ఇంతలో వేలూరు నుంచి ఫోను. "ఏం పెద్దమ్మా, నేను పంపింది వద్దన్నావంట?" గొంతులో నిష్ఠూరం. వద్దనలేదే తల్లీ, పన్నెండు దాటాక రమ్మన్నాను, అంతే, అన్నాను. అటువైపు ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "మా అవ్వ మాదిరే సెప్తాండావు" అంది. ఇంకో డబ్బా చేసి పంపుతానని, ఈసారి ఏ వేళ వచ్చినా నోరు మూసుకుని తీసుకోమని నాతో ఒట్టు పెట్టించుకుంది.